మడమనొప్పి - కారణములు, ఇంటనే చేసికొనదగిన ఉపశమనములు
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో మాతృభాషను గూర్చియో, పరీక్షలను గూర్చియో, పిల్లల నడవడిని గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు మడమనొప్పిని గూర్చి మాట్లాడనున్నామని చెప్పగా కొందరు చిరునవ్వు నవ్విరి. తలనొప్పికిని కడుపునొప్పికిని ఉన్న గౌరవము మడమనొప్పికి లేదు. దానితో ఎవరును మంచము పట్టరు, కనుక ఎవరును సెలవు పెట్టరు. కుంటుచునే వంట చేయుదురు, కుంటుచునే బస్సు ఎక్కుదురు. పిల్లవాడు కుంటినచో ఆటలో తగిలిన దెబ్బ అనియో, బడి ఎగవేయుటకు పన్నిన ఎత్తు అనియో కొట్టివేయుదురు. ఈ అలక్ష్యము వలననే కొన్ని వారములలో పోవలసిన బాధ నెలల తరబడి నిలిచిపోవుచున్నది. అందుచేతనే మేము ఈ విషయమును ఎన్నుకొంటిమి.

ముందుగా మడమ నిర్మాణమును కొంచెము తెలిసికొందము. చీలమండకు వెనుకవైపున వ్రేళ్ళతో పట్టి చూచుకొనుడు. గట్టి త్రాడు వంటిది ఒకటి చేతికి తగులును. అది పిక్క కండల నుండి దిగివచ్చి మడమ ఎముకకు వెనుక అతుకుకొనియుండు స్నాయువు. మన శరీరమునందలి స్నాయువులలో ఇదియే మిక్కిలి లావైనది, బలమైనది. పరుగెత్తునప్పుడు శరీరపు బరువునకు ఆరేడు రెట్ల భారము దీనిపై పడును. పాశ్చాత్య వైద్యులు దీనికి అకిలీజ్ అను గ్రీకు వీరుని పేరు పెట్టిరి. తల్లి ఆ బిడ్డను మడమ పట్టుకొని మహిమగల నదిలో ముంచినదట. నీరు తగులని ఆ మడమయే తుదకు బాణమునకు గురియైనదట. మన మౌసలపర్వమున శ్రీకృష్ణునకు జరుడను వేటకాని బాణము తగిలినదియు పాదముననే. అవతార పురుషులకే తప్పని ఈ చోటు మనకు మాత్రము తప్పునా!

ఈ స్నాయువునకును మడమ ఎముకకును నడుమ, రెండును ఒరసికొనకుండ, ఒక చిన్న తిత్తి కలదు. పలుచని పొర, అందులో జారుడుగా నుండు కొద్దిపాటి ద్రవము, అంతే. బండి ఇరుసునకు కందెన ఎట్టిదో ఇదియు అట్టిదే. దీనిని వైద్యులు బర్సా అందురు. మోకాలు, భుజము, మోచేయి మొదలగు చోట్ల ఇట్టివి మన దేహమున నూటికి పైగా నున్నవి. మడమ వద్ద స్నాయువు వెనుక, చర్మము క్రింద, మరియొక తిత్తి ఏర్పడుట కలదు. ఇది తరచు ఒరపిడి వలన పుట్టునది. చర్మము పదే పదే ఒరసికొను చోట శరీరము తనకు తానే ఒక దిండు కుట్టుకొన్నదన్నమాట. ఈ తిత్తులలో ఏదేని వాచి, ద్రవము ఎక్కువై, లోపలి పొర ఎఱ్ఱబారి మండుటనే బర్సైటిస్ అందురు. మనము మడమ తిత్తి వాపు అందము.

అది ఏల వాచును? నూటికి నూరుపాళ్ళు జోడుదే తప్పు అనుట న్యాయము కాదు గాని, మొదట చూడవలసినది జోడునే. బూటు వెనుకభాగము గట్టిగా, అంచు పదునుగా నున్నచో అది అడుగడుగునకు మడమను నొక్కును, లేదా రాచును. కొందరి మడమ ఎముక పైభాగమున పుట్టుకతోనే చిన్న బొడిపె యుండును. స్వీడన్ దేశపు వైద్యుడు పాట్రిక్ హాగ్లండ్ 1920ల దశకమున దీనిని వర్ణించెను గనుక దానికి ఆయన పేరే నిలిచినది. అట్టివారికి గట్టి జోడు మరింత శత్రువు. బూటు బిగుతైనను ముప్పే, వదులైనను ముప్పే. బిగుతైనది నొక్కును, వదులైనది అడుగడుగునకు జారి రాచును. “పిల్లవాడు పెరుగుచున్నాడు, రెండు సైజులు పెద్దది కొనుడు” అని అంగడిలో ఇచ్చు సలహా పొదుపుగా తోచును గాని, ఆ పొదుపు మడమకు ఒప్పదు.

జోడు తరువాత చెప్పదగినది పిక్క. పిక్క కండలు బిగుసుకొనియున్నచో స్నాయువు ఎల్లప్పుడును లాగబడి తిత్తిని ఎముకకు అదుముచుండును. మన ధర్మపురి ప్రాంతము చదునైన నేల కాదు. తీర్థమలై కొండ ఎక్కువారు గాని, ఏటవాలు పొలములలో తిరుగువారు గాని గమనింతురు గాక. ఎగువకు నడచునప్పుడు వ్రేళ్ళు మీదను, మడమ క్రిందను ఉండును. ఆ భంగిమలో స్నాయువు మిక్కిలి సాగి తిత్తి నలుగును. అందుకే ఈ నొప్పి గలవారు చదునునేలపై ఓర్చుకొని నడచినను ఎత్తు ఎక్కునప్పుడు కూలబడుదురు. ఏడాది పొడుగునను కూర్చుండి పనిచేసి, మ్రొక్కు పేరిట ఒక్కసారిగా నలుబది మైళ్ళు నడచువారికిని ఇదియే గతి. నడక తప్పు కాదు. అలవాటు లేని కాలిని అకస్మాత్తుగా నడిపించుట తప్పు.

2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడువరకు హోసూరు కూడ మన ధర్మపురి జిల్లాలోనిదే. జిల్లా వేరైనను మన యువకులు అక్కడి కర్మాగారములకు పనికి పోవుట మానలేదు. అనేక కర్మాగారములలో ఇనుపముక్కు గల బరువైన బూట్లు తప్పనిసరి. పాదమును కాపాడుటకు అవి అవసరమే. నొప్పి పుట్టినదని వాని వెనుకభాగమును కత్తితో కోసికొనరాదు. సైజు మార్చి ఇమ్మని అడుగవలెను, లోపల మెత్తని మడమ అట్ట వేసికొనవలెను, మందమైన మేజోళ్ళు తొడుగవలెను.

మన పూర్వులకు ఈ బాధ తెలియనిది కాదు. సుశ్రుతసంహితలో వాతకంటకమను వ్యాధి చెప్పబడినది. ఎగుడుదిగుడు నేలపై అడుగు వికటముగా పడుటచే వాతము మడమ ప్రాంతమును ఆశ్రయించి బాధించునని దాని తాత్పర్యము. వాతమను మాటను నేటి వైద్యులు ఒప్పుకొందురో లేదో గాని, నొప్పికి కారణమును అడుగులోను నేలలోను వెదకిన ఆ దృష్టి మాత్రము నేటికిని మెచ్చదగినది. మనమో, కారణమును విడిచి తైలమును వెదకుచున్నాము.

ఇప్పుడు పిల్లల విషయము. ఇందుకొరకే ప్రధానముగా వచ్చితిమి కనుక కొంచెము ఓపికతో వినుడు.

ఎనిమిదేండ్లు మొదలు పదునాలుగు, పదునైదేండ్ల వరకు గల పిల్లలలో మడమ ఎముక ఇంకను పూర్తిగా ఒకటి కాలేదు. వెనుకవైపున ఎముక పెరుగు భాగము వేరుగా నుండి, మెత్తని మృదులాస్థిచే అతుకబడియుండును. పిల్లవాడు చప్పున పొడుగు పెరుగు కాలమున ఎముక ముందు పెరుగును, పిక్క కండలు వెనుకబడును. అప్పుడు స్నాయువు ఆ మెత్తని భాగమును లాగి లాగి బాధించును. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ సీవర్ దీనిని వర్ణించెను. ఇది తిత్తి వాపు కాదు, కాని దాని చుట్టమే. ఆటలాడు పిల్లలకు, అందును గట్టినేలపై పరుగెత్తువారికి ఎక్కువగా వచ్చును. మడమను రెండు ప్రక్కల నుండి అరచేతులతో మెల్లగా నొక్కినచో పిల్లవాడు కాలు లాగికొనును. భయపడవలసిన వ్యాధి కాదు. ఎముక పూర్తిగా అతుకుకొన్న తరువాత అదియే పోవును. అంతవరకు ఆటను తగ్గించుట, మెత్తని మడమ అట్ట వేయుట, పిక్కను సాగదీయుట చాలును. కాని “నటన” అని గద్దించి పరుగు పందెమునకు నెట్టుట మాత్రము అన్యాయము.

ఉపాధ్యాయ మిత్రులకు కూడ ఒక మనవి. బూటు వెనుకభాగమును మడమతో అణగద్రొక్కి చెప్పువలె ఈడ్చుకొనివచ్చు పిల్లవానిని మీరు తరచు చూచియుందురు. క్రమశిక్షణ లేదని వానిని నిలబెట్టుదురు. నిలబెట్టుటకు ముందు వాని మేజోడు తీయించి మడమ చూడుడు. అక్కడ ఎఱ్ఱని మచ్చయో, పొక్కో, కాయ కాచిన చర్మమో ఉన్నచో, వాడు నియమమును త్రొక్కలేదు, నొప్పిని తప్పించుకొన్నాడు. తల్లిదండ్రుల చీటీ తెచ్చిన పిల్లవానిని రెండు మూడు వారములు వెనుక పట్టీ లేని చెప్పులతో బడికి రానిచ్చినచో పాఠశాల గౌరవమునకు లోటు రాదు. ఈ మాట సంఘ కార్యవర్గము వారు కూడ వినుచున్నారని ఆశించుచున్నాము.

క్రికెట్టు చూచు పిల్లలకు మొహమ్మద్ షమీ పేరు తెలియును. 2023 ప్రపంచకప్పు పోటీలలో 24 వికెట్లు తీసిన ఆ బౌలరునకు 2024 ఫిబ్రవరిలో ఈ మడమ స్నాయువునకే శస్త్రచికిత్స జరిగినది. 2023 నవంబరు తరువాత 2025 జనవరి వరకు అతడు భారతజట్టున ఆడలేకపోయెను. అతనిది స్నాయువు వ్యాధి, మనము చెప్పుకొను తిత్తి వాపు కాదు. అయినను, “నొప్పి ఉన్నను ఆడితీరవలెను” అను పిల్లవానికి చెప్పుటకు ఈ ఉదాహరణము పనికివచ్చును. మన మాట వినని పిల్లవాడు షమీ మాట వినవచ్చును.

ఇక ఇంటి ఉపశమనములు. మొదటి మందు జోడు విప్పుట. కొంతకాలము వెనుక తెరచియుండు చెప్పులు వాడవలెను. అయితే బొత్తిగా పలుచని చెప్పు వలదు. మడమ క్రింద ఒక సెంటీమీటరు ఎత్తుండు మెత్తని అట్ట వేసినచో స్నాయువు లాగుడు తగ్గును. నొప్పి ఒక కాలికే యున్నను రెండు జోళ్ళలోను వేయవలెను. లేనిచో నడక వంకరయై నడుమునొప్పి తోడగును.

రెండవది చల్లదనము. ఐసుముక్కలను పలుచని తువాలులో చుట్టి పదునైదు, ఇరువది నిమిషములు మడమ వెనుక ఉంచవలెను. దినమునకు మూడు నాలుగు మారులు చేయవచ్చును. ఐసును నేరుగా చర్మముపై పెట్టరాదు. ఇంట ఐసు లేనిచో కుండనీటిలో తడిపిన గుడ్డయు కొంత మేలే చేయును.

ఇక్కడ మన ఇండ్లలోని పెద్దలతో మాకు చిన్న తగవు కలదు. మడమనొప్పి అనగానే ఇటుకను పొయ్యిలో కాల్చి, దానిపై జిల్లేడాకు పరచి, మడమతో అదుముట మన ప్రాంతమున తెలుగువారును తమిళులును సమానముగా ఎరిగిన వైద్యము. మడమ అడుగున బిగుసుకొన్న పాతనొప్పికి కాపడము హాయి నిచ్చుననుట నిజమే. మేము దానిని ఎగతాళి చేయము. కాని తిత్తి వాచి ఎఱ్ఱబడి వేడిగానున్న దినములలో దానిపై మరల వేడి పెట్టినచో వాపు పెరుగును. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. చక్కెరవ్యాధి గలవారిలో చాలమందికి పాదములలో స్పర్శ మందగించియుండును. ఇటుక ఎంత కాలుచున్నదో వారికి తెలియదు. హాయిగానున్నదని అదిమి, పొక్కులు లేచిన తరువాత చూచుకొందురు. ఆ పొక్కు పుండై, పుండు మానక, కాలు తీయవలసివచ్చిన సంసారములు కలవు. జిల్లేడుపాలు కూడ చర్మమును కాల్చునదే, కంటబడినచో చూపునకే ప్రమాదము. కనుక చక్కెరవ్యాధి గలవారు కాల్చిన ఇటుక జోలికి పోరాదు, ఐసును కూడ వైద్యుని అడిగియే వాడవలెను.

తైలమర్దనము సంగతి. పిక్కపై ఆముదమో, నువ్వులనూనెయో రాచి మెల్లగా మర్దించిన మంచిదే. వాచిన తిత్తిపై బొటనవ్రేలితో గట్టిగా నలుపుట మాత్రము పుండును గోకుట వంటిది.

నొప్పి ఉపశమించిన తరువాత పిక్కను సాగదీయు అభ్యాసము చేయవలెను. గోడకు ఎదురుగా నిలిచి రెండు చేతులును గోడపై ఆనించుడు. నొప్పిగల కాలిని వెనుకకు వేసి, మడమ నేలను విడువకుండ, మోకాలు వంచకుండ ముందునకు వాలుడు. ముప్పది అంకెలు లెక్కించి విడువుడు. అట్లే మూడుమారులు. తరువాత మోకాలిని కొంచెము వంచి మరల చేయుడు. ఇది తల్లులు అన్నము ఉడుకులోపల చేయదగినంత చిన్నపని. మెట్టు అంచున వ్రేళ్ళపై నిలిచి మడమను క్రిందికి జార్చు వ్యాయామమును కొందరు నేర్పుదురు. అది పై స్నాయువు నొప్పికి మంచిదే గాని, తిత్తి వాపు గలవారికి తగదు. మడమ మెట్టు క్రిందికి దిగినకొలది తిత్తి నలుగును.

మాత్రలను గూర్చి రెండు మాటలు. కొద్దిరోజులు పారాసెటమాల్, లేదా పైపూత లేపనము వాడవచ్చును. ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కడుపులో పుండు గలవారును, మూత్రపిండముల వ్యాధి గలవారును, గర్భవతులును సొంతముగా మ్రింగరాదు. “ఒక్క సూదితో పోవును” అని స్టెరాయిడ్ సూది అడుగువారు కలరు. భుజమునకో మోకాలికో చేసినంత సులభముగా మడమ వెనుక ఆ సూది వేయరు. అది స్నాయువును బలహీనపరచి తెగునట్లు చేయు భయము కలదు. వైద్యుడు వలదన్నచో ఆయన లోభి కాదు, వివేకి. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందుల వలనను ఈ స్నాయువు వాచుట, తెగుట జరుగవచ్చునని అమెరికా ఔషధ పర్యవేక్షణ శాఖ 2008లో తీవ్రమైన హెచ్చరిక చేర్పించినది. అరువదేండ్లు దాటినవారికి ఆ భయము ఎక్కువ. అట్టి మందు వాడుచుండగా మడమ వెనుక నొప్పి పుట్టినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

ఈ జాగ్రత్తలతో చాలమందికి కొన్ని వారములలో నొప్పి తగ్గుముఖము పట్టును. రెండు మూడు నెలలు పట్టువారును కలరు. కాని ఇంట కూర్చుండి కాలము గడుపకూడని సందర్భములు కొన్ని కలవు. నడచుచుండగా వెనుకనుండి ఎవరో తన్నినట్లయి, టప్పున శబ్దమై, మునివ్రేళ్ళపై నిలువలేకపోయినచో స్నాయువు తెగియుండవచ్చును. మడమ ఎఱ్ఱబడి జ్వరము కూడ వచ్చినచో తిత్తిలో చీము పట్టియుండవచ్చును. యౌవనములోనున్న వారికి రెండు మడమలును నొప్పిపెట్టుచు, తెల్లవారుజామున నడుము పట్టివేసి, తిరుగాడినకొలది సడలుచున్నచో అది కీళ్ళవాతపు తొలి గుర్తు కావచ్చును. మన జిల్లాలో మామిడికోతల కాలమున చెట్టుపై నుండి దూకి మడమపై పడువారు కలరు. అట్లు పడి మడమ నేల మోపలేనివారికి ఎముక విరిగియుండుట సామాన్యము. వెన్నెముకకు కూడ దెబ్బ తగిలియుండవచ్చును కనుక నడుము సంగతి కూడ వైద్యునకు చెప్పవలెను.

చెప్పుట అనగానే భాష మాట వచ్చినది. మనము ఇంట తెలుగు మాట్లాడి, ఆస్పత్రిలో తమిళము మాట్లాడువారము. మన పిల్లలు, మన ముసలమ్మలు నొప్పిని తెలుగులోనే అనుభవింతురు. పోటు, సలుపు, మంట, లాగుడు, తిమ్మిరి అని మనకు ఎన్నియో మాటలున్నవి. వైద్యుని ఎదుట మాత్రము అన్నిటికిని కలిపి “కాల్ వలి” అని ఊరకుందురు. తమిళమునను ఎరిచ్చల్, కుత్తల్ వంటి చక్కని మాటలున్నవి, మనము వాడుకొనమంతే. మడమను తమిళమున కుదికాల్ అందురు. కుదికాల్ అడుగుననా, వెనుకనా అన్న ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానమిచ్చినచో సగము రోగనిర్ణయము అయినట్లే. ఉదయము మంచము దిగి తొలి అడుగు వేయగానే మడమ అడుగున మేకు గ్రుచ్చినట్లుండి, నాలుగడుగుల తరువాత తగ్గునది వేరు. అది అరికాలి పట్టీ నొప్పి, గట్టి బండలపై వట్టికాళ్ళతో గంటల తరబడి నిలుచు తల్లులకు తరచు వచ్చునది. జోడు తొడిగినప్పుడును, ఎత్తు ఎక్కినప్పుడును, మునివ్రేళ్ళపై లేచినప్పుడును వెనుకభాగమున పొడుచునది తిత్తి వాపు. స్నాయువునకు ఇరుప్రక్కల, ఎముకకు కొంచెము పైన, రెండు వ్రేళ్ళతో పట్టి నొక్కినచో ఆ నొప్పి స్పష్టముగా తెలియును. ఆస్పత్రికి పోవుటకు ముందు ఇంటిలోనే చూచుకొని, ఏ మాట చెప్పవలెనో పిల్లవానిచేత ఒకసారి పలికించి తీసికొనిపోవుడు.

జూన్ నెలలో బడులు తెరచునాటికి కొత్త జోళ్ళు కొనుట మనకు ఆచారము. అంగడికి సాయంకాలము పోవుడు. పగలెల్ల తిరిగిన పాదము అప్పుడు కొంచెము పెరిగియుండును. పిల్లవానిని వెంట తీసికొనిపోవుడు. అన్న జోడు తమ్మునికి సరిపోవునని ఊహింపవలదు. రెండు కాళ్ళును కొలువుడు, పెద్దదానికి సరిపోవునది తీసికొనుడు. నిలబడినప్పుడు పెద్దవ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పు చోటుండవలెను. వెనుక అంచును వ్రేలితో నొక్కి చూడుడు, అది మీ వ్రేలికే గ్రుచ్చుకొన్నచో పిల్లవాని మడమ గతి చెప్పనక్కరలేదు. బడిలో ఉచితముగా ఇచ్చు జోళ్ళకు కొలత ఇచ్చువారు కూడ, కొలత తీసిన నాటికిని జోడు చేతికి వచ్చిన నాటికిని నడుమ పాదము పెరుగునని మరువవలదు. వచ్చిన నాడే తొడిగించి, ఇంటిలో పది అడుగులు నడిపించి, సరిపోనిచో అట్టపెట్టె పారవేయకముందే ఉపాధ్యాయునకు తెలుపుడు.